రోడాన్ ‘థింకర్’ ఇన్ని ఊళ్ళలో ఉంటే, అసలుది ఏది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పారిస్‌లో థింకర్‌ను (ఫ్రెంచి శిల్పి రోడాన్ చేసిన, గడ్డం చేతికి ఆనించి ఆలోచిస్తూ కూర్చున్న మగ బొమ్మ) చూశారు, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చం అలాంటిదే కనిపించింది, డెట్రాయిట్‌లో ఇంకోటి ఉందని ఎవరో చెప్పారు. వీటిలో రోడాన్ తన చేత్తో చెక్కింది ఏది, నకళ్ళు ఏవి? దానికి తోక ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘రోడాన్ సంతకం ఉన్న కంచు బొమ్మ’ ఒకటి అమ్మకానికి ఉంది, కొనవచ్చా?

ముందు సూటిగా జవాబు. ఈ మూడింట్లో దేన్నీ రోడాన్ చెక్కలేదు. కానీ మూడూ అసలువే. కంచు బొమ్మను చెక్కరు, పోస్తారు. రోడాన్ వేళ్ళు తాకింది మట్టిని. ఆ మట్టి ఇప్పుడు ఎక్కడా లేదు, మొదటి అచ్చు తీసిన రోజే పోయింది. దానికి అతి దగ్గరగా మిగిలింది ప్లాస్టర్ బొమ్మ. ఆ ప్లాస్టర్ నుంచి, హక్కు ఉన్నవాళ్ళు, లెక్క ప్రకారం పోయించినవన్నీ అసలు కంచు బొమ్మల కిందికే వస్తాయి. కంచు నుంచి మళ్ళీ అచ్చు తీసి పోసింది మాత్రం నకలు. ఆన్‌లైన్‌లో కనిపించేవి నూటికి తొంభై తొమ్మిది ఈ రెండో రకమే. ఎలా పట్టుకోవాలో చివర్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు బొమ్మ ఎలా పుడుతుందో తెలియాలి.

(పేరు గురించి ఒక మాట. మన పుస్తకాల్లో ‘రోడిన్’ అని రాస్తుంటారు. ఫ్రెంచి వాళ్ళ నోట చివరి అక్షరం ముక్కుతో పలుకుతుంది, ‘రోడాన్’ దానికి కాస్త దగ్గర.)

ఓగుస్త్ రోడాన్ 1840 నవంబర్ 12న పారిస్‌లో పుట్టాడు. తండ్రి పోలీసు శాఖలో గుమాస్తా. పద్నాలుగేళ్ళప్పుడు ‘పెతీత్ ఎకోల్’ అని పిలిచే డ్రాయింగు పాఠశాలలో చేరాడు. అది గొప్ప కళాకారుల్ని తయారుచేసే బడి కాదు. నగిషీ పనివాళ్ళకూ గోడల అలంకరణ చేసేవాళ్ళకూ పని నేర్పే బడి. అక్కడి గురువు లెకోక్ ద బ్వాబోద్రాన్ వస్తువును చూపించి, పక్కకు తీసేసి, గుర్తున్నంత గీయమనేవాడు. పెద్ద బడి ఎకోల్ దె బోజార్ ప్రవేశ పరీక్షలో రోడాన్ మూడుసార్లు తప్పాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు కారియే బెల్యూజ్ అనే పేరున్న శిల్పి దగ్గర జీతానికి మట్టి పని చేశాడు. చేసినవాడు రోడాన్, కింద సంతకం యజమానిది. ఈ వివరం గుర్తుపెట్టుకోండి. ‘ఎవరి చేతి పని’ అన్న ప్రశ్నకు పంతొమ్మిదో శతాబ్దపు కార్ఖానాలో అర్థం వేరు. యజమాని అయ్యాక రోడాన్ కూడా అదే పద్ధతిలో పని నడిపాడు.

మట్టి దశ. రోడాన్ పద్ధతిలో కీలకం అంచు గీతలు. మోడల్ ఎదురుగా నిలబడి ఒక వైపు నుంచి కనిపించే బయటి గీతను మట్టిలో సరిపోల్చేవాడు. తర్వాత మోడల్‌నూ మట్టినీ కాస్త తిప్పి ఇంకో గీత, మళ్ళీ తిప్పి ఇంకోటి. నేల మీద నిలబడి ఒకసారి, నిచ్చెనెక్కి పైనుంచి ఒకసారి. ఇన్ని గీతలూ కలిసినప్పుడు కండరం తనంతట తాను ఉబ్బుతుంది. ముందు నుంచి బాగుండి పక్క నుంచి చప్పగా కనిపించే బొమ్మలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఆయన దగ్గర తక్కువ. కారణం ఇదే.

ఈ పద్ధతి ఎంత ఖచ్చితంగా పనిచేసిందంటే, అది ఆయన మీదే నేరం మోపింది. 1877లో ‘కంచు యుగం’ అనే నిలువెత్తు మగ బొమ్మను ముందు బ్రసెల్స్‌లో, తర్వాత పారిస్ సలోన్ అనే పెద్ద కళా ప్రదర్శనలో పెట్టినప్పుడు, ఇది మట్టితో చేసింది కాదు, మనిషి ఒంటి మీద ప్లాస్టర్ పోసి తీసిన అచ్చు అన్నారు. మోడల్ ఓగుస్త్ నెట్ అనే బెల్జియన్ సైనికుడు. రోడాన్ ఆ సైనికుడి ఫొటోలు తెప్పించి తేడాలు చూపించాల్సి వచ్చింది. 1880లో ప్రభుత్వం ఆ బొమ్మను కొనడంతో గొడవ సద్దుమణిగింది. తర్వాత చేసిన ‘ప్రవచించే యోహాను’ బొమ్మను మనిషి కంటే పెద్దదిగా చేశాడు. అంత పెద్ద ఒళ్ళు ఎవరికీ ఉండదు కాబట్టి, ఒంటి మీది అచ్చు అనే మాటకు తావు లేదు.

మట్టి నుంచి ప్లాస్టర్. పచ్చి బంకమట్టిని అలాగే ఉంచితే ఎండి పగులుతుంది. తడిగుడ్డలు కప్పి ఎన్నాళ్ళు కాపాడతాం? బయట బాగా చలి పడి, లోపల పొయ్యి లేకపోతే మట్టిలోని నీరు గడ్డకట్టి బొమ్మ విచ్చిపోతుంది. రోడాన్ తొలి బొమ్మల్లో ఒకటైన ‘ముక్కు విరిగిన మనిషి’ తల వెనక భాగం అలాగే రాలిపోయింది. మిగిలిన ముఖాన్నే ముసుగులా సలోన్‌కు పంపితే తిప్పికొట్టారు. అందుకే మట్టి పని ముగిసిన వెంటనే అచ్చు తీస్తారు.

మొదటి అచ్చును పారేసే అచ్చు అనొచ్చు. మట్టి బొమ్మ మీద ముందు రంగు కలిపిన పల్చటి ప్లాస్టర్ పొర వేస్తారు. నీలమో పసుపో ఏదైనా సరే, తెల్లగా ఉండకూడదు, అంతే. దాని మీద మందంగా తెల్ల ప్లాస్టర్. గట్టిపడ్డాక అచ్చును రెండుగా విప్పి లోపలి మట్టిని తవ్వి తీసేస్తారు. బొమ్మ అక్కడితో సరి. ఖాళీ అచ్చు లోపలికి సబ్బు నీళ్ళు పట్టించి కొత్త ప్లాస్టర్ పోస్తారు. అది బిగుసుకున్నాక పై అచ్చును మొద్దు ఉలితో చిన్న చిన్న పెళ్ళలుగా రాలగొడతారు. రంగు పొర కనిపించగానే చెయ్యి నెమ్మదించాలి. కింద అసలు బొమ్మ ఉందని ఆ రంగు హెచ్చరిక. సబ్బు సరిగా పట్టకపోతే రెండు ప్లాస్టర్లు ఒకదానికొకటి కరుచుకుంటాయి, పెళ్ళతో పాటు ముక్కో వేలో ఊడి వస్తుంది.

ఇలా బయటపడిన ప్లాస్టర్ ఒక్కటే ఉంటుంది. వెంటనే దాని మీద ముక్కలుగా విప్పగలిగే అచ్చు తయారుచేస్తారు. ఈ రెండో అచ్చు నుంచి ప్లాస్టర్లు ఎన్నైనా తీయొచ్చు. ముక్కలు కలిసే చోట ప్లాస్టర్ మీద సన్నటి గట్లు లేస్తాయి. మామూలుగా వాటిని గీకి నున్నగా చేస్తారు. రోడాన్ చాలా బొమ్మల్లో గీకనివ్వలేదు. మ్యూజియంలో కంచు భుజం మీదుగా దారంలా పాకే గీత కనిపిస్తే అది పోతవాడి అశ్రద్ధ అనుకోకండి. ప్లాస్టర్ మీద ఉన్న గట్టు కంచులోకి కావాలనే వచ్చింది.

ఈ ప్లాస్టర్ల గుట్టే రోడాన్ అసలు ఆస్తి. చేతులు, కాళ్ళు, తలలు విడివిడిగా చిన్న చిన్న ప్లాస్టర్లుగా తీయించి డ్రాయర్లలో దాచేవాడు. అవసరమైనప్పుడు ఒక మొండేనికి ఇంకో బొమ్మ చెయ్యి తగిలించి చూసేవాడు. 1880 ఆగస్టులో ప్రభుత్వం అలంకార కళల మ్యూజియం కోసం పెద్ద తలుపు అడిగింది. ఆ మ్యూజియం కట్టనే లేదు. కానీ ఇటలీ కవి డాంటే వర్ణించిన నరకాన్ని ఆధారం చేసుకుని మొదలెట్టిన ఆ ‘నరక ద్వారం’ మీద ఆయన చనిపోయేదాకా పని జరుగుతూనే ఉంది. తలుపు నెత్తిన నిలబడ్డ ‘మూడు నీడలు’ చూడండి. ముగ్గురు మనుషులు కాదు, ఒకే బొమ్మ మూడు ప్లాస్టర్లు, మూడు కోణాల్లో తిప్పి నిలబెట్టాడు. థింకర్ కూడా ఈ తలుపు మీదివాడే. ఆ నీడల కింద, తలుపు పలక మీద కూర్చుని నరకాన్ని కిందికి చూస్తుంటాడు. మొదట వాడి పేరు ‘కవి’, అంటే డాంటే. అప్పటి ఎత్తు 70 సెంటీమీటర్ల పైచిలుకు. ఆ సైజులో 1884లో పోసిన కంచు ఒకటి ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో ఉంది. ‘పెద్దదే అసలు, చిన్నది నమూనా’ అని చాలామంది తిరగేసి అనుకుంటారు. చిన్నదే ముందు పుట్టింది.

దాన్ని పెద్దది చేసింది ఆన్రీ లెబోసే. పెంచడం, తగ్గించడం అతని వృత్తి. అతని యంత్రంలో రెండు తిరిగే బల్లలు ఒకేసారి ఒకే కోణంలో తిరుగుతాయి. ఒకదాని మీద చిన్న ప్లాస్టర్, రెండోదాని మీద పెద్దది రూపు దిద్దుకుంటుంది. ఇటు మొద్దు సూది బొమ్మ మీద పాకుతుంటే అటు మొన అదే గీతను నిష్పత్తి ప్రకారం పెద్దదిగా దించుతుంది. యంత్రం కొలత పెంచుతుంది, అంతవరకే. 70 సెంటీమీటర్ల బొమ్మలో వేలిముద్రంత గుంట 180 దాటిన బొమ్మలో గుప్పెడు గుంట అవుతుంది, కంటికి తప్పుగా కనిపిస్తుంది. అందుకే లెబోసే పంపిన ముక్కల్ని రోడాన్ మళ్ళీ చూసి, దిద్దించి, తిప్పి పంపేవాడు. పెద్ద థింకర్ 1904లో జనం ముందుకొచ్చింది. 1906లో పారిస్‌లో పాంథియోన్ అనే స్మారక భవనం ఎదుట పెట్టారు. 1922లో అక్కడి నుంచి ఇప్పటి మ్యుజే రోడాన్ (రోడాన్ మ్యూజియం) తోటలోకి మార్చారు. మీరు పారిస్‌లో చూసింది అదే.

ఇక పోత. మన దగ్గర ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మ పోయడం చూసినవాళ్ళకు ఇది సగం తెలిసిన పనే. వాళ్ళు మట్టి గడ్డ మీద మైనపు తీగలు చుట్టి బొమ్మ చేస్తారు, పైన మళ్ళీ మట్టి మెత్తుతారు, కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం వెళుతుంది. మూస పగలగొడితేనే బొమ్మ. ఆ మైనం చేత్తో చేసింది కాబట్టి ప్రతి డోక్రా బొమ్మా ఒక్కటే. పోత చెడిపోతే మొదటి నుంచి మొదలు. పారిస్ పద్ధతిలో తేడా ఒక్క మెట్టు: మైనాన్ని చేత్తో చేయరు, ప్లాస్టర్ నుంచి తీసిన అచ్చులోకి పూస్తారు. పోత చెడిపోతే ఇంకో మైనం తీస్తారు. రోడాన్ బొమ్మ ఒకటి పాతిక కావడానికి కారణం ఆ ఒక్క మెట్టే.

ఇప్పటి మైనపు పోత క్రమం ఇలా ఉంటుంది. ప్లాస్టర్ మీద సిలికాన్ రబ్బరు అచ్చు. అందులో 5–6 మిల్లీమీటర్ల మందాన మైనం. ఈ మందమే రేపు కంచు మందం. లోపలి ఖాళీలో మంటకు ఆగే ప్లాస్టర్, ఇటుక పొడి కలిపిన గుజ్జు పోస్తారు. మైనం కరిగాక ఆ లోపలి దిమ్మ గాల్లో వేలాడకుండా మైనం గుండా మేకులు దింపుతారు. బయట మైనపు కడ్డీలతో లోహం వెళ్ళే దారులు, గాలి బయటికొచ్చే దారులు అతికిస్తారు. మొత్తాన్ని అదే గుజ్జులో పూడ్చి, బట్టీలో రోజుల తరబడి కాలుస్తారు. మైనం పూర్తిగా పోవాలి, తేమ పూర్తిగా పోవాలి. తర్వాత సుమారు 1,100–1,200 డిగ్రీల కంచును ఆపకుండా ఒకే ధారగా పోస్తారు. తూకం లెక్క సులువు. కంచు మైనం కంటే తొమ్మిది రెట్లకు పైగా బరువు, దారులతో కలిపి పోతవాళ్ళు పది రెట్లు పట్టుకుంటారు. బోలుగా పోయడం ఎందుకంటే, ఒక చదరపు మీటరు ఉపరితలం 6 మిల్లీమీటర్ల మందంలోనే దాదాపు 53 కిలోలు తూగుతుంది. నిలువెత్తు బొమ్మను స్వామిమలై విగ్రహంలా ఘనంగా పోస్తే ఖర్చు సంగతి అటుంచి, మందంగా ఉన్న చోట లోహం ఆలస్యంగా గట్టిపడి లోపలికి గుంజుకుపోతుంది.

ఎక్కడ చెడుతుంది? మూసలో తేమ మిగిలితే ఆవిరి లోహాన్ని ఎగజిమ్ముతుంది. ప్రమాదాల్లో ముందుండేది ఇదే. గాలిదారి మూసుకుపోతే ముక్కు కొన దాకా, వేలి కొన దాకా లోహం చేరదు. పోత మధ్యలో ఆగితే రెండు ధారలు కలిసిన చోట చల్లటి అతుకు పడుతుంది, చూడ్డానికి వెంట్రుకలా ఉంటుంది, దెబ్బ తగిలితే అక్కడే విరుగుతుంది. మేకులు జారితే లోపలి దిమ్మ ఒక పక్కకు ఒరిగి ఆ పక్క కంచు కాగితంలా పల్చబడుతుంది, రెండో పక్క మందమవుతుంది. ఇనుప మేకును పీకకుండా వదిలేస్తే ఇరవై ఏళ్ళ తర్వాత తుప్పు మరక బయటికి కారుతుంది.

అయితే రోడాన్ కాలపు థింకర్లు చాలామటుకు మైనపు పోతలు కావు, ఇసుక పోతలు. పెద్ద సైజులో మొదటి కంచును ఎబ్రార్ అనే పోతశాల 1903 చివర్లో మైనపు పద్ధతిలోనే పోసింది. 1904 సెయింట్ లూయీ ప్రదర్శనకు వెళ్ళిన ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలో లూయీవిల్ విశ్వవిద్యాలయం ముందు ఉంది. ఆ పోత రోడాన్‌కు నచ్చలేదు. పని అలెక్సిస్ రూడియే పోతశాలకు మారింది. వాళ్ళది ఇసుక. పారిస్ పక్కన ఫోంతెనే ఓ రోజ్‌లో దొరికే సన్నటి, జిగురున్న ఇసుకను ప్లాస్టర్ చుట్టూ ముక్కలు ముక్కలుగా దట్టించి, విప్పి, ప్లాస్టర్ తీసేసి, మళ్ళీ పేర్చి ఆ ఖాళీలో పోస్తారు. పెద్ద బొమ్మల్ని భాగాలుగా పోసి, ఒకదాని అంచు ఇంకోదాని లోపలికి దూరేలా అమర్చి, మేకులతో బిగించి, పైన సుత్తితో కొట్టి కనపడకుండా చేస్తారు. ‘మైనపు పోత అంటే మేలు, ఇసుక పోత అంటే నాసి’ అని అమ్మేవాళ్ళు చెప్తుంటారు. రోడాన్ విషయంలో ఆ మాట తలకిందులు.

పోశాక ఆకురాళ్ళతో, ఉలులతో సాపు చేయడం ఒక ఎత్తు, రంగు ఇంకో ఎత్తు. కంచును వేడి చేసి రసాయనాలు కుంచెతో పూస్తారు. గంధకం కలిసినది ముదురు గోధుమ, నలుపు ఇస్తుంది, ఇనుప నైట్రేట్ ఎర్రగోధుమ, రాగి నైట్రేట్ పచ్చ. చుక్క పడగానే చుయ్ మని ఆవిరవ్వాలి. నురగ కడితే వేడి చాలలేదని, ముట్టకముందే ఎగిరిపోతే వేడి ఎక్కువైందని లెక్క. ఈ పనికి రోడాన్ నమ్మిన మనిషి జాన్ లిమే. మీరు చూసిన థింకర్లలో ఒకటి నల్లగా, ఒకటి పచ్చగా ఉండటానికి సగం కారణం ఇలాంటివాళ్ళ చెయ్యి, మిగతా సగం వందేళ్ళ వాన.

ఇక ‘అసలు’కు చట్టం ఏమంటుంది? రోడాన్ బతికుండగా లెక్క లేదు. ‘ముద్దు’ బొమ్మకు 1898లో బార్బెదియెన్ సంస్థతో ఒప్పందం చేసుకుంటే వాళ్ళు నాలుగు సైజుల్లో 300కు పైగా పోసి అమ్మారు. అవన్నీ అనుమతితో పోసినవే, కానీ అరుదైనవి కావు. 1916లో రోడాన్ తన బొమ్మలు, ప్లాస్టర్లు, అచ్చులు, పోయించే హక్కుతో సహా అన్నీ ప్రభుత్వానికి దానమిచ్చాడు. బదులుగా తానుంటున్న ఓతెల్ బిరోన్ భవనాన్ని మ్యూజియం చేయాలని షరతు పెట్టాడు. 1917 నవంబర్ 17న మదోన్‌లో చనిపోయాడు, మ్యూజియం 1919లో తెరిచారు. ఆ హక్కుతోనే మ్యూజియం ఇప్పటికీ పోయిస్తుంది, ఆ డబ్బుతో నడుస్తుంది. 1960ల చివర్లో ఫ్రెంచి పన్ను నిబంధనలు ఒక శిల్పానికి 8 పోతల దాకా అసలుగా లెక్కించాయి. వాటికి 1/8 నుంచి 8/8 దాకా అంకెలు. వాటి పైన కళాకారుడి ప్రతులని 4, రోమన్ అంకెలతో. మొత్తం 12. ‘కాలే నగర పౌరులు’ పన్నెండో పోత 1995లో సియోల్‌కు చేరింది, దాంతో ఆ బొమ్మ లెక్క ముగిసింది. 1981 మార్చి నాటి ఉత్తర్వు ప్రకారం ఇంకే నకలు మీదైనా చెరగని విధంగా ‘నకలు’ అని అర్థమిచ్చే ఫ్రెంచి మాట చెక్కి తీరాలి.

చనిపోయాక పోసినవాటిని అసలు అనడం ఏమిటని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. నరక ద్వారాన్నే తీసుకోండి. ఆరు మీటర్లకు పైగా ఎత్తున్న ఆ తలుపును రోడాన్ కంచులో చూడనే లేదు. మొదటి పోత 1920ల్లో జూల్స్ మాస్ట్‌బామ్ అనే అమెరికన్ డబ్బిస్తే మొదలైంది. ఇప్పుడు ఫిలడెల్ఫియా, పారిస్, టోక్యో, జూరిక్, స్టాన్‌ఫర్డ్ వగైరా చోట్ల ఉన్నవన్నీ ఆయన పోయాక వచ్చినవే. బొమ్మల అమరిక ఆయన వదిలేసిన ప్లాస్టర్‌ను బట్టి. ఇక్కడ ఒక తేడా పాటించడం మంచిది: బతికుండగా పోసిన కంచులో రంగు, సాపు, తుది మెరుగు ఆయన ఒప్పుకున్నవి, తర్వాతి వాటిలో అది లేదు. ధరలో కూడా ఆ తేడా పెద్దది. కానీ ‘నకిలీ’ అనే మాట రెండిటికీ వర్తించదు.

పాలరాయి సంగతి క్లుప్తంగా. అక్కడ ఉలి పని నిజంగానే ఉంది, కానీ చాలామటుకు ఉలి రోడాన్‌ది కాదు. ప్లాస్టర్ మీద మూడు స్థిర బిందువులు పెట్టి, లోతు కొలిచే సూదితో వందల బిందువుల్ని రాతిలోకి దించడం పనివాళ్ళ వంతు. పారిస్‌లోని పాలరాయి ‘ముద్దు’ను చెక్కింది జాన్ త్యుర్కాన్. బూర్దెల్, పొంపోన్, దెబ్వా లాంటివాళ్ళు ఆ కార్ఖానాలో పనిచేసి తర్వాత సొంతంగా పేరు తెచ్చుకున్నారు. కామీ క్లోదెల్ 1880ల మధ్యలో అక్కడ చేరింది, ‘కాలే నగర పౌరుల’ చేతులూ కాళ్ళూ ఆవిడ చేసిందని చెప్తారు. 1913లో ఇంటివాళ్ళు ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1943లో చనిపోయేదాకా బయటికి రాలేదు. చేతి పని ఎవరిదన్న ప్రశ్న థింకర్ దగ్గర కంటే ఈమె దగ్గర అడిగితే ఎక్కువ న్యాయం. ఓతెల్ బిరోన్‌లో ఆమె బొమ్మలకు ఒక గది ఉంది, దాటేయకండి.

ఇప్పుడు కొనడం గురించి. మొదటి పరీక్షకు టేపు చాలు. కంచు గట్టిపడి చల్లారేటప్పుడు ఒకటిన్నర నుంచి రెండు శాతం కుంచించుకుపోతుంది. ప్లాస్టర్ నుంచి పోసిన కంచు ఒకసారి తగ్గుతుంది. ఆ కంచు నుంచి అచ్చు తీసి మళ్ళీ పోస్తే రెండోసారి తగ్గుతుంది. 71.5 సెంటీమీటర్లు ఉండాల్సిన థింకర్ 70 కొలిస్తే అది కంచుకు పుట్టిన కంచు. పీఠం కలిపి కొలిచి మోసపోకండి. గడ్డం నుంచి మోచేయి దాకా, మోకాలి నుంచి మడమ దాకా, ఇలా బొమ్మలోనే రెండు మూడు చోట్ల కొలిచి, మ్యూజియం ప్రచురించిన కొలతలతో పోల్చండి.

రెండోది చర్మం. థింకర్ వీపు దగ్గర మట్టి ముద్దలు నొక్కిన గుర్తులు, కాలి వేళ్ళ మధ్య లోతు చూడండి. రెండోసారి తీసిన అచ్చులో ఈ గుంటలు సబ్బు అరిగినట్టు మొద్దుబారతాయి. మొద్దుబారిన చోట ఉలితో కొత్త గీతలు పెట్టి ఉంటే ఇంకా అనుమానించాలి. సంతకం కూడా అంతే. అచ్చులో వచ్చిన సంతకం అంచులు మెత్తగా ఉంటాయి.

మూడోది ముద్ర, ఇందులో జనం ఎక్కువగా పడేది ఒక గుంటలో. అలెక్సిస్ రూడియే 1897లోనే పోయాడు. కొడుకు యూజీన్ 1952లో తను చనిపోయేదాకా తండ్రి పేరే ముద్ర వేశాడు. కాబట్టి ఆ ముద్ర ఉన్నంత మాత్రాన రోడాన్ బతికున్నప్పటిది అనడానికి లేదు. పైగా ఎక్కువగా ఫోర్జరీ అయ్యేది అదే. తర్వాతి మ్యూజియం పోతల మీద మ్యుజే రోడాన్ పేరు, పోసిన సంవత్సరం, పోతశాల ముద్ర, అంకె ఉంటాయి. ఒక రకం రూడియే పోతల్లో లోపలి వైపు ఉబ్బెత్తుగా రోడాన్ పేరు కూడా కనిపిస్తుంది. అందుకే బొమ్మను తిరగేసి లోపల చూడనివ్వని అమ్మకందారుడితో బేరం పెట్టుకోకండి. అడుగున పచ్చ గుడ్డ అంటించి మూసేసి ఉంటే, ముందు గుడ్డ విప్పించండి.

రూపాయల్లో పదివేలకో లక్షకో ‘రోడాన్ కంచు’ వస్తుందంటే ఇవేవీ కొలవక్కర్లేదు, అది నకలే. ఇంట్లో పెట్టుకోవడానికి నకలు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, నకలు ధరకు కొనండి, అంతే.

కంచు చెడదనే భరోసా కూడా వద్దు. క్లీవ్‌లాండ్ మ్యూజియం ముందున్న థింకర్‌ను 1970 మార్చి 24న ఎవరో బాంబు పెట్టి పేల్చారు, పీఠం, కాళ్ళ కింది భాగం పోయాయి. కొత్త కాళ్ళు పోయించడం సాధ్యమే. అయినా మ్యూజియం దాన్ని చీలిపోయిన కంచుతో అలాగే నిలబెట్టింది, ఇప్పటికీ అలాగే ఉంది. రోడాన్ బతికున్నప్పటి పోత మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదన్నది ఒక కారణం. ఇక్కడి వాదనంతా కంటితో చూడాలంటే ఆ బొమ్మ దగ్గరికే వెళ్ళాలి. పగిలిన అంచు దగ్గర నిలబడితే కంచు ఎంత పల్చనో, లోపల ఎంత ఖాళీయో కనిపిస్తుంది.

మీరు బే ఏరియాలోనే (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఉంటే ఇంకో సులువైన పని ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో రోడాన్ తోట ఆరుబయటే ఉంది, టికెట్టు లేదు. అక్కడి నరక ద్వారం కూబెర్తాన్ పోతశాల మైనపు పద్ధతిలో పోసి 1981లో ముగించింది. శాన్‌ఫ్రాన్సిస్కో లీజియన్ ఆఫ్ ఆనర్ ముంగిట్లోని థింకర్ రోడాన్ బతికున్నప్పటిది. ఒకే రోజు రెండూ చూడండి. తలుపు మీది చిన్న థింకర్‌ను కింద నిలబడి తలెత్తి చూశాక పెద్దవాడి దగ్గరికి వెళ్తే, వాడు అంత ముందుకు ఎందుకు వంగాడో తెలుస్తుంది. వాడిని చేసింది అంత ఎత్తు నుంచి కిందికి చూడటానికే. ఉదయం పూట వెళ్ళండి, ఏటవాలు ఎండలో వీపు మీది మట్టి గుర్తులు బాగా తేలతాయి. మధ్యాహ్నం ఎండ నెత్తిన పడితే అంతా ఒకే నలుపు.